రెండు వేళ్ళ వదులు

మా అమ్మ కుట్టిన బట్టలు నాకెప్పుడూ వచ్చే ఏడాదికి సరిపోయేవి. లంగా కుడితే అడుగున రెండు మడతలు వేసేది, నేను పొడుగైన కొద్దీ ఒక్కొక్కటీ విప్పొచ్చని. జాకెట్టు కుడితే లోపల పక్కలకి బోలెడు గుడ్డ వదిలేది. నడుం కొలిచేటప్పుడు టేపుకీ నా ఒంటికీ మధ్య రెండు వేళ్ళు దూర్చి, ఆ వేళ్ళతో సహా కొలత చెప్పేది. "ఎదిగే పిల్లవి, ఉండనీ" అనేది. చిన్నప్పుడు నాకది తప్పుగా తోచలేదు. పైగా మడత విప్పిన చోట వెలిసిపోని రంగు గీతలా బయటపడితే, అబ్బో ఇంత పెరిగానా అని ఆ గీతను వేలితో తడిమి చూసుకునేదాన్ని.

పదో తరగతి దాటాక ఆ మడతలు విప్పే పని పడలేదు. ఇంటర్ అయిపోయింది, డిగ్రీలో చేరాను, లంగాల అడుగున మడతలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. నేను నాన్న పోలిక. నాన్న పొట్టి. అమ్మ పొడగరి. పెళ్ళి ఫోటోలో నాన్నను పీట మీద నిలబెట్టారని మా మేనత్తలు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. అమ్మ ఆ నవ్వులో ఎన్నడూ కలవలేదు.

అవి డెబ్భైల మధ్య రోజులు. నాన్నది ప్రభుత్వాఫీసులో ఉద్యోగం. కృష్ణా జిల్లా నుంచి వచ్చి పాతబస్తీలో, లాల్‌దర్వాజా దగ్గర ఒక ఇంటి మేడమీద అద్దెకుండేవాళ్ళం. కింద ఇంటివాళ్ళది తరాల నాటి గాజుల వ్యాపారం. పొద్దున లేస్తే వాకిట్లో గాజుల పెట్టెలు విప్పే చప్పుడు, కట్టే చప్పుడు. ఇంటావిడను అమ్మ అక్కయ్యగారూ అని పిలిచేది, నేను పెద్దమ్మా అనేదాన్ని. మేడమీద ముందు గదిలో, కిటికీ పక్కన అమ్మ కుట్టుమిషను. ఊరు నుంచి లారీలో సామాను వచ్చినప్పుడు బీరువా గీసుకుపోయినా ఏమీ అనని మనిషి, ఆ మిషను దింపేటప్పుడు మాత్రం హమాలీల వెంటే మెట్లెక్కిందట.

మా క్లాసులో సికింద్రాబాదు నుంచి వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. ఒకరోజు ముదురు నీలం స్కర్టు వేసుకొచ్చింది. దాని పట్టీ మామూలుగా లంగా కట్టే చోట కాకుండా ఇంకా పైన, పక్కటెముకల కింద బిగుతుగా పట్టి ఉంది. అక్కడి నుంచి మడతలు, అన్నీ ఒకే వైపుకు ఒరిగి, గీత గీసినట్టు పిక్కల దాకా దిగాయి. ఆ అమ్మాయి నాకంటే ఎత్తేం కాదు. పక్కపక్కన నిలబడితే ఇద్దరి భుజాలూ ఒక్క వరసలో ఉండేవి. అయినా ఆ రోజు ఆమె వరండాలో నడిచి వస్తుంటే ఎవరో పొడగరి పిల్ల వస్తోందనుకున్నాను. చూపు తిప్పుకోలేకపోయాను. నాకు అర్జంటుగా అలాంటిది కావాలనిపించింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అడిగితే, ఆ అమ్మాయి ఒక మడత వేళ్ళతో విప్పి చూపించింది. పైకి కనిపించే మడత ఎంత వెడల్పుందో, దాని కింద అంతకు రెండింతల గుడ్డ దాక్కుని ఉంది. అంటే నడుం చుట్టుకొలతకు మూడింతల గుడ్డ పడుతుంది. ఆ ఒక్క ముక్కా నేను మనసులో గట్టిగా పెట్టుకున్నాను. నా తిప్పలన్నీ ఆ మూడింతల దగ్గరే మొదలయ్యాయి.

ఇంట్లో అడిగాను.

"ఓణీ లేకుండా కాలేజీకా?" అంది అమ్మ.

"పైన చేతుల చొక్కా వేసుకుంటానమ్మా. మా క్లాసులో సగం మంది ఓణీలు మానేశారు."

నాన్న పేపరు దించకుండానే, "మోకాళ్ళు కనపడకపోతే చాలు," అన్నాడు.

"ఆ అమ్మాయి కుట్టించుకున్న దర్జీకే ఇద్దామా?" అన్నాను.

"ఇంట్లో మిషను పెట్టుకుని దర్జీకిస్తారా ఎవరైనా? నేను కుడతాను."

"వద్దు. నేనే కుట్టుకుంటాను."

అమ్మ నవ్వింది. "నువ్వా? దిండు గలీబు తిన్నగా కుట్టలేవు."

అది నిజమే. అయినా ఆ నవ్వుతో నాకు పట్టుదల పెరిగింది. అమ్మ కుడితే ఏమవుతుందో నాకు తెలుసు. రెండు వేళ్ళు దూరుస్తుంది, అడుగున మడతలు వేస్తుంది. అది స్కర్టు కాదు, మరో లంగా అవుతుంది. ఒక్కసారి, ఒకే ఒక్క బట్ట, ఇప్పుడు ఉన్న నాకు సరిపోయేది వేసుకోవాలని ఉంది నాకు.

గుడ్డ కొనడానికి పత్తర్‌గట్టీకి వెళ్ళాం. దుకాణం భాయ్ ముదురు నీలం టెరికాట్ తాను తీసి బల్ల మీద దొర్లించాడు. ఎంత కావాలన్నాడు. నేను చెప్పిన కొలత విని అమ్మ నా వైపు తిరిగింది.

"అంత గుడ్డతో నీకూ నాకూ కలిపి లంగాలవుతాయి."

"మూడింతలు పడుతుందమ్మా. మడతలు కదా."

"చీర కుచ్చిళ్ళు రోజూ పోసుకుంటాను, మడతలు నాకు చెప్పకు."

"చీర కుచ్చిళ్ళు వేరు, ఇవి వేరు."

దుకాణం భాయ్ మా ఇద్దరి మొహాలూ చూసి గజంబద్ద పక్కన పెట్టాడు. "మీరిద్దరు మంచిగ మాట్లాడుకోండ్రి అమ్మా. నేను చాయ్ తాగొస్త. కపడా యహీఁ రహేగా, ఎక్కడికి పోదు," అని నిజంగానే లేచి వెళ్ళాడు.

ఆయన వచ్చేదాకా మేం మాట్లాడుకోలేదు. చివరికి అడ్డంగా మూడు ముక్కలు కోయడానికి వచ్చేంత గుడ్డ, నడుంపట్టీకి ఇంకొంచెం కొన్నాం. అంతకు మించి ఒక్క వేలెడు కూడా తీసుకోనివ్వలేదు అమ్మ. ఆ మూడు ముక్కలూ పక్కపక్కన కలిపి కుడితే నాకు కావలసిన చుట్టుకొలత వస్తుంది. లెక్క సరిగ్గా ఉంది. కత్తిరించడం ఆదివారం నాడు నా చేతులతో చేసుకుంటానని చెప్పాను. అమ్మ సరేనంది.

శనివారం కాలేజీ నుంచి వచ్చేసరికి గుడ్డ కత్తిరించి ఉంది.

చాప మీద మడతపెట్టిన నీలం ముక్కలు చూసి నేను గుమ్మంలోనే ఆగిపోయాను. అమ్మ సంతోషంగా ఉంది. నాకు పని తప్పించానన్న సంతోషం. "చదువుకునే పిల్లవి, ఎందుకులే అని కానిచ్చేశాను," అంది. నేను కూర్చుని ముక్కలు లెక్కపెట్టాను. నిండు ముక్కలు రెండే ఉన్నాయి. మూడోది వాటికంటే జానెడు పైన పొట్టిగా ఉంది.

"ఇదేమిటమ్మా?"

"అది మిగిలిన ముక్క. దాచు, దేనికైనా పనికొస్తుంది."

"మూడు సమానంగా రావాలి కదా! ఎందుకు మిగిలింది?"

"అడుగున మడతకి వదిలానే. కుట్టేశాక పొడుగు చాలకపోతే ఏం చేస్తాం? ఎదిగే పిల్లవి."

రెండు ముక్కలకీ అడుగున నాలుగు వేళ్ళ గుడ్డ ఎక్కువ వదిలింది. ఆ ఎనిమిది వేళ్ళూ మూడో ముక్కలోంచి పోయాయి. రెండు ముక్కలతో మడతలు వేస్తే దూరంగా ఒకటీ అరా వస్తాయి. మూడోది పొట్టి. ఏమని అరవను? ఆవిడ నా కోసం మధ్యాహ్నమంతా నడుం వంచి కూర్చుని చేసిన పని అది. ఆ రాత్రి అన్నం తింటుంటే నాన్న "ఏమిటి, తల్లీ కూతుళ్ళు మౌనవ్రతమా?" అన్నాడు.

ఆదివారం పొద్దున నేను కత్తెర తీసుకున్నాను. అమ్మ ఎక్కువ వదిలిన నాలుగు వేళ్ళూ ఆ రెండు ముక్కల నుంచీ కత్తిరించేశాను. వచ్చిన రెండు పట్టీలనూ ఒకదాని కింద ఒకటి మూడో ముక్కకు అతికించాను. అప్పటికి మూడూ కొంచెం అటూ ఇటూగా సమానమయ్యాయి. మూడో దాని అడుగున రెండు అతుకు గీతలు అడ్డంగా కనపడుతున్నాయి. అది వెనక వైపు వేసుకుందాం, నాకైతే కనపడదు కదా అని సర్దుకున్నాను. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. ఆవిడ కుట్టులో ఎన్నడూ అతుకు కనపడనిచ్చిన మనిషి కాదు. లోపలికి వెళ్ళిపోయింది.

ఇక మడతలు. ముక్కలు మూడూ కలిపి కుట్టి చాప మీద పరిచి, సుద్దముక్కతో గీతలు గీశాను. గీత గీతకీ గుడ్డ మడిచి గుండుసూదులు పెట్టాను. టెరికాట్ జారుడు గుడ్డ. ఇక్కడ సూది పెడితే అక్కడ మడత లేస్తుంది. మోకాళ్ళ మీద పాకుతూ పాకుతూ ఆ చివర దాకా వెళ్ళి లేచి చూస్తే, సగం మడతలు కుడి వైపుకు, సగం ఎడమ వైపుకు ఒరిగి ఉన్నాయి. అవతలి పక్కకు వెళ్ళి కూర్చున్నప్పుడు నా కుడిఎడమలు మారిపోయాయి, అది నేను చూసుకోలేదు. మళ్ళీ సూదులన్నీ పీకాను.

రెండోసారి అన్నీ ఒకే వైపుకు వచ్చాయి. కానీ మొత్తం కొలిస్తే నా నడుం కంటే జానెడు ఎక్కువ. ఒక్కో మడతలో ఒక దారం మందం తేడా వచ్చిందంతే. దారం దారం కలిసి జానెడయింది. మళ్ళీ చెరిపాను, మళ్ళీ గీశాను. గుడ్డ మీద పాత సుద్దగీతలూ కొత్త సుద్దగీతలూ కలిసిపోయి ఏది ఏదో తెలియకుండా పోయింది. తడిగుడ్డతో అన్నీ తుడిచేసి, ఆరేదాకా గోడకు ఆనుకుని కూర్చున్నాను. చేతి వేళ్ళ నిండా సూది పోట్లు. వచ్చే వారం పరీక్ష ఉంది, పుస్తకం తెరవలేదు.

చివరికి ఎలాగో కొలతకు వచ్చాక, మడతలు కదలకుండా పొడుగు పొడుగు కచ్చా కుట్లు వేశాను. ఇస్త్రీ చెయ్యాలి. పెద్దమ్మ దగ్గర బొగ్గుల ఇస్త్రీపెట్టె ఉండేది. అడిగితే నిప్పులు వేసి తనే పట్టుకుని మేడెక్కింది.

"పైలం బిడ్డా, మస్తు వేడున్నది," అంటూ చాప మీద పరిచింది చూసి నిలబడిపోయింది. "గిదేంది? లంగనా, గొడుగా?"

"స్కర్టు పెద్దమ్మా."

"నడుమేడికొస్తది?"

నేను పక్కటెముకల కింద చెయ్యి పెట్టి చూపించాను.

"గంత మీదికా! నడుమెక్కడున్నదో నీకెరుక లేదా బిడ్డా?" అని నవ్వి, వంటింటి వైపు తిరిగి కేకేసింది. "చూసినవా చెల్లె, నీ బిడ్డ ఛాతి మీద లంగ కట్టుకుంటదంట!"

అమ్మ లోపలి నుంచి, "నేను చెప్తే వినదండీ అక్కయ్యగారూ," అంది. ఆ మాటలో కొంచెం హుషారు వినిపించింది నాకు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో తడిగుడ్డ వెయ్యడం మరిచిపోయి ఇస్త్రీపెట్టె నేరుగా టెరికాట్ మీద పెట్టాను. సుయ్‌మంది. తీసి చూస్తే ఒక మడత మీద అరచేతి మేర గుడ్డ గాజులా మెరుస్తోంది. కాలలేదు, కానీ ఆ మెరుపు మళ్ళీ పోలేదు. పెద్దమ్మ నాలుక కరుచుకుంది. "గట్లనే అయితది. ఫికర్ చెయ్యకు, జరంత దూరం నుంచి కనబడదు," అంది. అదీ వెనక వైపుకే అనుకున్నాను. వెనక వైపు వెయ్యాల్సినవి అప్పటికే చాలా అయ్యాయి.

మిగిలింది నడుంపట్టీ. బిగువుగా నిలబడాలంటే లోపల గంజి పట్టించిన గట్టి బక్రం గుడ్డ పెట్టి కుట్టాలి. బక్రం పెట్టడం నాకు చేతకాదు. రెండు సార్లు కుట్టి రెండు సార్లూ ముడతలు పడితే విప్పేశాను. అమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"ఇటియ్యి. పట్టీ వరకూ నేను కుడతాను. మిగతాదంతా నీదే."

అలసిపోయి ఉన్నాను. ఇచ్చేశాను. ఆవిడ టేపు చుట్టి కొలిచింది, కుట్టింది, హుక్కు పెట్టింది. పట్టీ ఎంత చక్కగా వచ్చిందంటే, దాని కింద నా మడతలు చూస్తే నాకే సిగ్గేసింది. తొడుక్కున్నాను. చేతులు వదిలేసరికి పక్కటెముకల కింద ఉండవలసిన పట్టీ జర్రున జారి తుంటి మీద ఆగింది. అడుగు చీలమండల దాకా వచ్చింది.

"ఇప్పుడు నిండుగా ఉంది," అంది అమ్మ.

బ్లేడు తీసి పట్టీ మొత్తం విప్పాను. రెండోసారి మళ్ళీ అమ్మే కుట్టింది. ఈసారి వేళ్ళు దూర్చనని చెప్పింది. కొలిచేటప్పుడు నిజంగానే దూర్చలేదు కూడా. కానీ కుట్టేటప్పుడు అంచులు సన్నగా మడిచి ఆ వదులు అక్కడ సంపాదించింది. మళ్ళీ జారింది. మళ్ళీ విప్పాను. బ్లేడు తగిలి పట్టీ గుడ్డ ఒకచోట చిన్నగా తెగింది.

మూడోసారి కొలిచేటప్పుడు నేను కళ్ళు మూసుకుని నిలబడ్డాను. టేపు కింద, పొట్ట మీద, చల్లగా ఏవో తగిలాయి.

"వేళ్ళు తియ్యమ్మా."

"లేవే."

"ఉన్నాయి. నాకు తెలుస్తోంది."

"ఊపిరాడొద్దా? అన్నం తింటావు, కూర్చుంటావు. ఇంకా ఎదిగే పిల్లవి, రేపు పట్టకపోతే ఇంత గుడ్డా..."

"నేనింక ఎదగనమ్మా!" అన్నాను. అన్నానంటే అరిచాను. "ఇంతే నేను. పదో తరగతి నుంచీ ఇంతే ఉన్నాను. నా లంగాలకి నువ్వేసిన మడతలన్నీ వేసినట్టే ఉన్నాయి, ఒక్కటైనా విప్పావా? నీకు కనపడటం లేదా?"

కింద వాకిట్లో గాజుల పెట్టెల చప్పుడు ఆగిపోయింది. అమ్మ వేళ్ళు తీసింది. టేపు నా నడుం మీంచి లాగి తన మెడలో వేసుకుంది.

"నేను పంతొమ్మిదో ఏట కూడా పెరిగాను," అంది.

"నేను నువ్వు కాదు. నాన్న పోలిక."

ఆ మాట ఇంట్లో అప్పటిదాకా ఎవరూ పైకి అనలేదు. అమ్మ ముందు అసలే అనలేదు. ఆవిడ మిషను చక్రం మీద చెయ్యి పెట్టింది. "బస్సులో పైకడ్డీ అందక నువ్వు సీట్లు పట్టుకుని వేలాడుతుంటే చూశాను," అంది చివరికి. "ఇంకొక్క రెండంగుళాలు పెరిగితే అందేది." అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేను ఏడవలేదు. ఏడవడానికి కూడా కోపం అడ్డొచ్చింది. నా మీద జాలి పడమని ఎవరడిగారు? కడ్డీ అందకపోతే నేనేదో పట్టుకుని నిలబడతాను. నాకు కావలసింది గుడ్డ సరిగ్గా కొలవడం, అంతే.

పట్టీ నేనే కుట్టాను. బక్రం ముడత పడితే పడనీ అనుకున్నాను. టేపు గట్టిగా లాగి, ఊపిరి బిగబట్టి కొలుచుకున్నాను. ఒక్క నూలు కూడా వదులు ఇవ్వకూడదన్న కసి. కుట్టు కొంచెం వంకరగా వచ్చింది, చొక్కా మీద పడి కనపడదు. తొడుక్కుని హుక్కు పెట్టుకోవడానికి మంచం మీద వెల్లకిలా పడుకోవలసి వచ్చింది. లేచి అద్దం ముందు నిలబడ్డాను. పట్టీ ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. మడతలు నిలువుగా పిక్కల దాకా దిగాయి. అద్దంలో ఒక్క క్షణం నాకే నేను పొడుగ్గా కనిపించాను.

మర్నాడు కాలేజీకి వేసుకెళ్ళాను. బస్సులో సీటు దొరికింది, కూర్చోలేకపోయాను. కూర్చుంటే పట్టీ పక్కటెముకల్లో దిగుతోంది. నిలబడే ప్రయాణం చేశాను. క్లాసులో మాత్రం కూర్చోక తప్పలేదు. వెన్ను నిటారుగా పెట్టుకుని పలకలా కూర్చున్నాను. లెక్చరరు చెప్పిందేదీ బుర్రకెక్కలేదు. మధ్యాహ్నం డబ్బా విప్పి, రెండు ముద్దలు తిని మూసేశాను. సికింద్రాబాదు అమ్మాయి నా చుట్టూ తిరిగి చూసి "బాగుంది" అంది. అది విని పొంగిపోయేలోపే, "వెనకాల మడతలు విచ్చుకున్నాయి, కూర్చునేటప్పుడు చేత్తో సర్దుకోవాలి," అని కూడా అంది. ఆ మడతలు సర్దుకోవాలంటే వంగాలి. వంగితే ఊపిరాడదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ డబ్బా అందుకుని బరువు చూసింది.

"తినలేదేం?"

"ఆకలి లేదు."

లోపలికి వెళ్ళి హుక్కు తీశాను. అమ్మ తువ్వాలు ఇవ్వడానికి వచ్చి చూసింది. నడుం చుట్టూ ఎర్రగా వాత పెట్టినట్టు గీత. ఏమైనా అంటుందని ఎదురుచూశాను. తిరిగి జవాబు చెప్పడానికి సిద్ధంగా కూడా ఉన్నాను. తువ్వాలు నా భుజం మీద వేసి వెళ్ళిపోయింది.

పొద్దున తొడుక్కుంటుంటే హుక్కు నిలబడే పడింది. అనుమానం వచ్చి విప్పి చూశాను. హుక్కు పాత చోటు నుంచి పక్కకు జరిగి ఉంది. పాత చోట విప్పిన దారపు రంధ్రాలు సన్నగా కనపడుతున్నాయి. నన్ను అడగలేదు, చెప్పలేదు. నేను పడుకున్నాక కుట్టి ఉంటుంది. వంటింట్లో ఆవిడ వీపు నా వైపే ఉంది, చారు పోపు పెడుతోంది. అరుద్దామనుకున్నాను, బస్సు టైమైంది. అలాగే వేసుకుని వెళ్ళాను. ఆ రోజు కూర్చోగలిగాను. అన్నం మొత్తం తిన్నాను. హాయిగా ఉంది. ఆ హాయే నాకు మరీ చిరాకు తెప్పించింది. ప్రతి బుక్కా మింగుతూ అమ్మను తిట్టుకున్నాను.

సంతోష్‌నగర్ నుంచి వచ్చే అమ్మాయి ఒకతె మా బ్యాచిలో ఉండేది. వారం తిరక్కుండా నన్ను గేటు దగ్గర ఆపింది.

"నీ స్కర్ట్ మస్తున్నది. ఎవలు కుట్టిన్రు?"

"నేనే," అన్నాను. అంతా అయ్యాక ఆ ఒక్క మాట అనగలిగినందుకు నిజంగా ఆనందమేసింది.

"అబద్ధం! నాక్కూడా గిట్లాంటిదే కావాలె. బట్ట తెచ్చి మీ ఇంటికొస్త."

ఆదివారం నిజంగానే వచ్చింది, మెరూన్ రంగు గుడ్డ పట్టుకుని. అమ్మ ఆమెను కూర్చోబెట్టి బొబ్బట్లు పెట్టింది. నా స్కర్టు కుర్చీ మీద ఆరేసి ఉంటే ఆ అమ్మాయి దాని పట్టీ పట్టుకుని చూస్తూ, "ఎంత మంచిగ కుదిరింది ఆంటీ," అంది.

"నేనే కుట్టానమ్మా," అంది అమ్మ. ఏమాత్రం తడుముకోకుండా, బొబ్బట్టు మీద నెయ్యి వేస్తూ. "కత్తిరించడం దగ్గర్నుంచీ అంతా నేనే. మా అమ్మాయి పక్కన కూర్చుని సాయం పట్టింది. ఇటు రా, నీ నడుం చూద్దాం."

ఆ అమ్మాయి నా వైపు చూసి కళ్ళతో నవ్వింది, నా అబద్ధం పట్టుకున్నట్టు. కొలతలు ఇచ్చి, గుడ్డ మిషను మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆమె మెట్లు దిగిందో లేదో, నేను అమ్మ మీద పడ్డాను.

"నువ్వు కుట్టావా అది?"

"హుక్కు ఎవరు పెట్టారు?"

"హుక్కు!"

"నేను హుక్కు జరపకపోతే నువ్వది రెండో రోజు వేసుకునేదానివేనా?"

"గుడ్డ చెడగొట్టింది కూడా నువ్వే. దాని వెనకాల రెండు అతుకులెందుకున్నాయి?"

"అతుకు వేసింది నువ్వు. నేనెప్పుడైనా అతుకు వేశానా?"

నాన్న లోపలి గదిలోంచి, "ఎవరు కుట్టినా బాగానే ఉంది కదర్రా," అన్నాడు. ఇద్దరం ఒకేసారి, "నీకు తెలీదు," అన్నాం.

మెరూన్ గుడ్డ మిషను మీదే ఉండిపోయింది. నేను ముట్టుకోలేదు. ఎవరు కుట్టానని చెప్పుకున్నారో వాళ్ళే కుడతారులే అనుకున్నాను. అమ్మ రోజూ దాన్ని పక్కకు జరిపి తన పని చేసుకుని, మళ్ళీ దాన్ని మిషను మీద పెట్టేది. కాలేజీలో ఆ అమ్మాయి కనపడితే నేను తప్పించుకు తిరిగేదాన్ని.

ఒక మధ్యాహ్నం నేను చదువుకుంటుంటే అమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. చేతిలో ఆ గుడ్డ. విప్పింది, మళ్ళీ మడిచింది.

"ఆ పిల్ల గుడ్డ ఎప్పుడు మొదలుపెడతావే?"

"నేనా? నువ్వు కదా ఒప్పుకున్నావు."

అమ్మ గుడ్డ అంచు వేళ్ళతో నలుపుతూ కూర్చుంది. "కత్తిరిస్తాను. పట్టీ కుడతాను. ఆ మడతలు నాకు రావే," అంది. "నువ్వు కాలేజీకి వెళ్ళినప్పుడు పాత చీర ముక్క మీద వేసి చూశాను. ఎంత వేసినా రెండు పక్కలకీ ఒరుగుతున్నాయి."

మిషను సొరుగు తీసి చూపించింది. అందులో పాత వాయిల్ ముక్క, దాని నిండా సుద్దగీతలు, గుండుసూదులు. మడతలు కొన్ని అటు, కొన్ని ఇటు. నేను చేసిన తప్పే.

గెలిచినట్టు అనిపించాలి. అనిపించలేదు. మళ్ళీ ఆ గీతలన్నీ గియ్యాలి, ఆ సూదులన్నీ గుచ్చుకోవాలి, మోకాళ్ళ మీద ఈ చివర నుంచి ఆ చివరకు పాకాలి, అదీ ఇంకొకరి నడుం కోసం. పుస్తకం మూసి విసురుగా పక్కన పెట్టాను.

"నేను లేనప్పుడు కత్తెర ముట్టుకోకూడదు," అన్నాను.

"సరే."

"ఎవరు కుట్టారంటే ఇద్దరం అని చెప్పాలి."

అమ్మ ఆలోచించింది. ఆ ఆలోచించినంత సేపూ నాకు మళ్ళీ కోపం వస్తూనే ఉంది.

"చూద్దాంలే," అంది. "ముందు చాప పరుచు."

చాప పరిచాను.